ఖాళీ చేసిన మేడలు

పొద్దున్నే చార్మినార్‌ దగ్గర ఇరానీ చాయ్‌ తాగుతుంటే మా అబ్బాయి ఫోన్‌ చేశాడు. 'నాన్నా, మా ఆఫీసుకున్న మూడంతస్తుల్లో రెండు ఖాళీ చేసేస్తున్నారు. ఇకమీదట వారానికి రెండ్రోజులు వెళితే చాలట' అన్నాడు. వాడి గొంతులో ఉన్నది సంతోషమో దిగులో తెలియలేదు. నన్ను పాతబస్తీ తిప్పడానికి వచ్చిన డ్రైవర్‌ భాయ్‌కి సంగతి చెబితే చిన్నగా నవ్వాడు.

'మా కథ అక్కడ్నే మొదలైంది సార్‌.'

ఆయనది శాలిబండ. 2020 దాకా రోజూ మాదాపూర్‌ వెళ్లి, ఐటీ ఉద్యోగుల్ని రాత్రిళ్లు ఇళ్ల దగ్గర దింపేవాడు. కరోనా వచ్చి అందరూ ఇంటి నుంచే పని మొదలుపెట్టారు. తర్వాత ఆ కంపెనీ సగం ఆఫీసు వదులుకుంది. ఆయన తనకున్న రెండు బళ్లలో ఒకటి అమ్మేసి, రెండోదాంతో నాలాంటి వాళ్లకి ఊరు చూపిస్తున్నాడు.

'ఖాళీ చేసిన మేడలు మా దగ్గర గూడ ఉన్నయ్‌. రండి, చూపిస్తా' అంటూ దారితీశాడు.

చార్మినార్‌కి కూతవేటు దూరంలో, కోట్ల అలీజా దగ్గరుంది సర్దార్‌ మహల్‌. ఆరో నిజాం మీర్‌ మహబూబ్‌ అలీఖాన్‌ 1900లో సర్దార్‌ బేగం కోసం ముచ్చటపడి యూరప్‌ పద్ధతిలో కట్టించాడు. ఆవిడకేమో అది నచ్చలేదు. ఒక్కరోజైనా కాపురముండలేదట! చివరికి 1965లో పన్ను బకాయిల కింద భవనం మున్సిపల్‌ కార్పొరేషన్‌ చేతికొచ్చింది. రాణిగారు కాలుపెట్టని మేడలో దశాబ్దాలపాటు గుమాస్తాలు ఫైళ్లు తిరగేశారు. దాన్ని బాగుచేసి సాంస్కృతిక కేంద్రంగా మార్చే పని 2022లో చేపట్టారు.

అన్ని మేడలకీ అంత అదృష్టం ఉండదు. పత్తర్‌గట్టీ వైపు వెళితే దివాన్‌ దేవిడి ద్వారాలు కనిపిస్తాయి. ఒకప్పుడది సాలార్‌జంగుల నివాసం. మూడో సాలార్‌జంగ్‌ సేకరించిన వస్తువులతో 1951లో నెహ్రూ మ్యూజియం ప్రారంభించింది ఇక్కడే. 1968లో మ్యూజియం మూసీ ఒడ్డునున్న కొత్త భవనానికి తరలిపోయింది. ఆ తర్వాత పాత దేవిడి కాస్తా కాస్తా కూలిపోయి, ఆ చోట దుకాణాలు వెలిశాయి. ద్వారాలు మాత్రం గత వైభవానికి గుర్తుగా నిలబడ్డాయి.

మళ్లీ చార్మినార్‌కొచ్చి, లాడ్‌బజార్‌ గాజుల మెరుపులు చూసుకుంటూ చౌమహల్లా చేరుకున్నాం. నిజాముల దర్బారు జరిగిన చోటు. రాజ్యం పోయాక ఎన్నో ఏళ్లు ఆదరణ లేక పాడుబడింది. ప్రిన్సెస్‌ ఎస్రా చొరవతో బాగుచేసి 2005లో జనానికి తలుపులు తెరిచారు. 2010లో యునెస్కో పురస్కారమూ వచ్చింది. ఖిల్వత్‌ హాల్లో షాండ్లియర్ల కింద పిల్లలు తలెత్తి నోరెళ్లబెట్టి చూస్తుంటే ముచ్చటేసింది. మీరూ పిల్లల్ని తీసుకెళ్లండి. శుక్రవారం మాత్రం సెలవు.

అక్కడి పచ్చికపక్కన కూర్చుంటే మాదాపూరే గుర్తొచ్చింది. 1998లో సైబర్‌ టవర్స్‌ ప్రారంభమైనప్పుడు చుట్టూ బండరాళ్లే. 2009లో సత్యం కుంభకోణం బయటపడి, ఆ సంస్థ టెక్‌ మహీంద్రా చేతికి వెళ్లింది. ఖర్చు తగ్గించుకోవడానికి అద్దె భవనాలు కొన్నిటిని వదిలేసుకుంది. ఇక హైటెక్‌ సిటీ పనైపోయిందన్నారు కొందరు. అయిపోలేదు. ఇంకా ఎత్తుకు పెరిగింది.

'మేడలకేం భాయ్‌! ఒకరు పోతే ఇంకొకరు వస్తారు' అన్నాను ధైర్యం చెబుతున్నట్టు.

ఆయన కాసేపు మాట్లాడలేదు.

'బిల్డింగుకేంది సార్‌, నలభై ఏండ్లయినా ఆగుతది. బేగం సాబ్‌ రాకపోతే మున్సిపాలిటోళ్లు వచ్చిన్రు. నాకైతే నెలనెలా బండి కిస్తీ కట్టాలె గదా!'

జవాబు దొరకలేదు నాకు. ఆయన ఇంటికెళ్లి తిని వస్తానంటే సరేనన్నాను. ఒంటరిగా కూర్చుని మా వాడికి ఫోన్‌ చేశాను.

'ఒరేయ్‌, రాత్రిళ్లు నిన్ను ఇంటి దగ్గర దింపేవాడే... ఆ డ్రైవరు ఇప్పుడేం చేస్తున్నాడు?'

అటువైపు కాసేపు నిశ్శబ్దం.

'తెలీదు నాన్నా... కనుక్కుంటాను' అన్నాడు.