అమ్మీ మోకాల్లో సిమెంటు

"పైసల ఫికర్ వద్దని డాక్టర్ సాబ్‌కు చెప్పురా. దవా ఇంకా జర ఎక్కువ కలపమను." మహబూబాబాద్ నుంచి ఆపా ఫోన్. నేను వరంగల్‌లో దవాఖాన వరండాలో ఉన్నాను. తెల్లారితే అమ్మీకి ఆపరేషన్.

రెండేళ్ల కింద అమ్మీకి మోకాలి కీలు మార్చారు. జనగామలో మా గల్లీ చివరిదాకా హాయిగా నడిచేది. ఈసారి రంజాన్ తర్వాత మోకాలు వాచి చీము పట్టింది. పెట్టిన కీలు తీసేసి, ఆ ఖాళీలో యాంటీబయాటిక్ కలిపిన బోన్ సిమెంటు దిమ్మ పెట్టాలన్నారు. దాన్ని స్పేసర్ అంటారట. ఇన్ఫెక్షన్ పోయాక మళ్లీ ఆపరేషన్, కొత్త కీలు.

ఇది గోడలు కట్టే సిమెంటు కాదు, ఒక రకం ప్లాస్టిక్. పొడిలో ద్రవం కలిపితే పిండిలా అయి, పావుగంటలోపే వేడెక్కి గట్టిపడుతుంది. అందుకే ఆ వేడికి చెడని జెంటామైసిన్, వాంకోమైసిన్ లాంటి మందులే ఇందులో పనికొస్తాయి. 1970లో జర్మనీ డాక్టర్ బుఖోల్జ్ సిమెంటులో జెంటామైసిన్ కలిపి దారి చూపించాడు. లోహపు కీలు మీద క్రిములు జిగురు పొర కట్టుకుంటాయి. నరానికి ఎక్కించిన మందు అక్కడికి చాలినంత చేరదు. సిమెంటు నుంచైతే నేరుగా ఆ చోటే ఊరుతుంది.

ఆపా మాట చెబితే డాక్టర్ సాబ్ నవ్వలేదు, విసుక్కోలేదు. కాగితం మీద రాసి చూపించాడు. 40 గ్రాముల పొడిలో, కొత్త కీలును అతికించేందుకైతే గ్రాము అటూ ఇటూ. స్పేసర్‌లోనైతే నాలుగు గ్రాములు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. "మందు బయటికి రావాలంటే సిమెంటులో సన్నటి రంధ్రాలుండాలి. రంధ్రాలు పెరిగితే తాకత్ తగ్గుతుంది. పైగా మీ అమ్మగారికి షుగర్ ఉంది, కిడ్నీలు కూడా చూసుకోవాలి కదా."

కీలును నిలబెట్టే సిమెంటు చదరపు సెంటీమీటరుకు సుమారు 700 కిలోల ఒత్తిడి తట్టుకోవాలన్నది అంతర్జాతీయ లెక్క. స్పేసర్ కొన్నాళ్ల మెహమాన్, దానికి మందే ముఖ్యం. అదీ చాలావరకు మొదటి కొద్దిరోజుల్లోనే బయటికొచ్చేస్తుంది. తర్వాత చుక్కచుక్కగా వచ్చే మందుకు క్రిములు అలవాటు పడే ఖతరా ఉంది. అందుకే స్పేసర్‌ను అలాగే వదిలేయకూడదు.

ఇదంతా భూపాలపల్లిలో సింగరేణి గనిలో పనిచేసే మా ఛోటా భాయ్‌కి ఒక్క ముక్కలో అర్థమైంది. "బొగ్గు కోసం పిల్లర్‌ను చెక్కుకుంటూ పోతే పైకప్పు ఆగదు కదా భాయ్‌జాన్. అంతే." ఆపాకు వాడే చెప్పి ఒప్పించాడు.

అమ్మీకి చెప్పడం మాత్రం నా వంతైంది. ఇంటికొచ్చిన నాలుగో రోజు, ఫజర్ వేళ, వాకర్ వదిలేసి ముసల్లా మీద నిలబడబోయింది. పరుగున వెళ్లి పట్టుకున్నాను.

"సిమెంటు పెట్టారన్నావుగా బేటా, ఇక విరుగుతుందా?"

"విరుగుతుంది అమ్మీ. నీ బరువు మోయడానికి పెట్టింది కాదది, మందు ఇవ్వడానికి పెట్టింది."

ఇంటికి పంపేటప్పుడే ఈ మాట ఆమెకు అర్థమయ్యేలా చెప్పాల్సింది. సిమెంటు అనగానే గట్టిదనే అనుకుంది పాపం.

ఇప్పుడు కుర్సీ మీద నమాజ్ చేస్తోంది. రెండో ఆపరేషన్ తేదీ ఇంకా రాలేదు. రక్తపరీక్ష కాగితం వచ్చినప్పుడల్లా చదివి వినిపించమంటుంది. మీ దువాల్లో యాద్ చేసుకోండి.