మూడు పేటలు – తట్టెడు పేడ

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో ఏ పుస్తకం అడిగినా ఏదో ఒక మూల దొరక్కపోదు. అదే పేటలో తట్టెడు మాగిన పేడ అడిగి చూడండి, తెలుస్తుంది!

సంగతేమిటంటే, అశోక్‌నగర్‌లో గ్రూప్సు పరీక్షలకు చదువుతున్న మా పాత విద్యార్థి ఒకడు సంక్రాంతికి ఏలూరు దగ్గరి తమ ఊరు వెళ్ళి, కొబ్బరితోటలోంచి రెండు కోకో కాయలు తెచ్చాడు. ఎక్కడి అమెజాన్ అడవి, ఎక్కడి ఏలూరు! ఇప్పుడు దేశంలో కోకో దిగుబడికి ఆంధ్రదేశమే ముందు. ఇతగాడి కోచింగు ఫీజులూ ఆ చెట్లే కట్టాయి. 2024లో ధర ఆకాశాన్నంటింది. 2025లో పడిపోయి, రైతులు ఆందోళనకు దిగారు. చెట్లు కొట్టించేద్దామని తండ్రి అంటున్నాడట. "తాత వేసిన చెట్టు, మాస్టారూ! దాని మొక్కలైనా తొలకరికి పట్టుకెళ్ళి నాన్న చేతిలో పెడతాను" అన్నాడు.

కోకో గింజ వడ్లగింజ వంటిది కాదు. ఎండబెట్టి దాచడానికి లేదు. కాయలోంచి తీశాక వారం దాటితే మొలక మీద ఆశ వదులుకోవలసిందే. సంచుల్లో నింపడానికి మట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు సమపాళ్ళలో కావాలి. మట్టికీ ఇసుకకూ లోటు లేదు. ఎరువు కోసమే ఇద్దరం బయలుదేరాం.

నారాయణగూడలో మొక్కలబండి అతను ఒక సంచి ఇచ్చాడు. పైన ఆవు బొమ్మ ఉంది గాని, లోపల ఆవు జాడ లేదు. పూజా సామగ్రి దుకాణంలో పిడకలున్నాయి, డజను లెక్కన. కోడిపెంట తెప్పిస్తానన్నాడు మరొకాయన. అది మహా వేడి, లేతవేరును బతకనివ్వదు.

అన్నట్టు, ఈ విషయంలో మన భాష సంపద చూడండి. పశువుది పేడ, మేకది పెంటిక, గుర్రానిది లద్ది, పిట్టది రెట్ట. ఉత్తరాంధ్రలో ఎరువు గెత్తం. తెలంగాణలో పేడ పెండ అవుతుంది. ఇన్ని మాటలున్న జాతికి నగరంలో సరుకే కరువయింది.

చివరకు చిక్కడపల్లి వెనక సందులో నాలుగు గేదెలున్న ముసలమ్మ కనిపించింది. కుర్రవాడు ఆత్రంగా పచ్చిపేడకే చెయ్యి చాచాడు.

"పచ్చిపెండ ఏస్తే ఏర్లు మాడిపోతయ్ బిడ్డా" అని ఆమె కసిరి, కొట్టం వెనక నిరుటి కుప్ప చూపించింది. చేత్తో నలిపితే కాఫీపొడిలా రాలింది, వాసన లేదు. పేడ మాగేటప్పుడు వేడి పుడుతుంది, ఘాటైన వాయువూ పుడుతుంది. ఆ రెండూ చల్లారాకే వేరుకు తిండి. తట్ట యాభై రూపాయలన్నది, పాలకన్నా నిక్కచ్చిగా కొలిచింది.

గింజల జిగురు బూడిదతో రుద్ది, మొద్దుకొన కిందికి పెట్టి ముప్పై సంచుల్లో నాటాడు. ఎరువు ఎక్కువైతే తడి నిలిచి మొలక కుళ్ళుతుందని, ఇంకో గుప్పెడు వెయ్యబోతే నేనే ఆపాను. రెండు వారాలకు ఇరవై రెండు మొలిచాయి, పప్పుబద్దలను నెత్తిన పెట్టుకుని.

ఇక భయమల్లా మే నెల ఎండే. సగం నీడ ఉంటే గాని ఈ జాతి బతకదు. డాబా మీద గోనెపట్టాలతో పందిరి వేశారు. పందిరికి వేరే అద్దె ఇవ్వాలంటున్నాడట ఇంటాయన.