టోపీ అడిగింది, మేం అడగలేదు

మొన్న వేసవి సెలవుల్లో, ఆవకాయ కలిపిన మర్నాడు, మా ఇంట్లో అందరికీ హౌసులు పంచేశారు. పంచింది మా పెద్దమ్మాయి. మధ్యాహ్నం కరెంటు పోయింది. అందరం హాల్లో చాప మీద కూలబడి విసనకర్రలు ఊపుకుంటుంటే, అది ఫోను పట్టుకొచ్చి "అందరూ కూర్చోండి, హాగ్వార్ట్స్‌లో మీరు ఏ హౌసుకి వెళ్తారో చెప్తా" అంది.

హ్యారీ పాటర్ చదివే పిల్లలు ఇంట్లో ఉంటే మీకు ఈ గొడవ తెలిసే ఉంటుంది. తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను. హాగ్వార్ట్స్ అనేది ఆ కథల్లోని మంత్రాల బడి. పదకొండేళ్లకి పిల్లలు అందులో చేరతారు. మొదటి రోజు రాత్రి అందరి ముందు ఒక్కొక్కళ్లనీ స్టూలు మీద కూర్చోబెట్టి నెత్తిన ఒక పాత, అతుకుల టోపీ పెడతారు. ఆ టోపీ పిల్లల మనసులోకి తొంగి చూసి, నాలుగు హౌసుల్లో ఒకదాని పేరు గట్టిగా అరుస్తుంది. ఇక ఏడేళ్లూ ఆ పిల్లకి అదే ఇల్లు, వాళ్లే స్నేహితులు.

మన బళ్లలోనూ రెడ్ హౌస్, బ్లూ హౌస్ అని ఉంటాయి కదా. మనకి హాజరుపట్టీ చూసి పంచేస్తారు. అక్కడ గుణం చూసి పంచుతారు. ధైర్యం ఉన్నవాళ్లు గ్రిఫిండోర్. దానికి సింహం గుర్తు, ఎరుపూ బంగారు రంగులూ. తెలివీ చదువు మీద ప్రీతీ ఉన్నవాళ్లు రావెన్‌క్లా. దానిది డేగ గుర్తు, నీలం రంగు. పైకి రావాలన్న పట్టుదలా, గడుసుతనమూ ఉన్నవాళ్లు స్లిథరిన్. దానికి పాము, ఆకుపచ్చ. ఓర్పుగా కష్టపడుతూ, నమ్మినవాళ్లని విడిచిపెట్టని వాళ్లు హఫిల్‌పఫ్. వాళ్ల రంగులు పసుపూ నలుపూ. నా ఉద్దేశంలో మన ఆడవాళ్లలో సగం మంది ఆ చివరి ఇంట్లోనే తేలతారు.

ముందు మా వారికి పరీక్ష పెట్టింది. గ్రిఫిండోర్ వచ్చింది. బల్లిని చూస్తే కుర్చీ ఎక్కే మనిషికి సింహం గుర్తు వచ్చిందని అందరం ఒకటే నవ్వు. పెద్దదానికి రావెన్‌క్లా వచ్చింది, అది ముందే ఊహించిందే. నాకు హఫిల్‌పఫ్. "ఆ హౌసు వాళ్ల గది వంటింటి పక్కనే ఉంటుందమ్మా" అంది పెద్దది. "లోపలికి వెళ్లాలంటే ఒక పీపా మీద సరైన తాళంలో తట్టాలి. తప్పు తడితే నెత్తిన వెనిగర్ పడుతుంది."

చేతులకింకా ఆవపిండి ఘాటు వదల్లేదు నాకు. "కథలో కూడా నాకు వంటిల్లూ పులుపూ తప్పలేదన్నమాట" అన్నాను. మా అత్తయ్యగారు "పాములున్న ఇల్లు మాత్రం నాకొద్దే తల్లీ" అని పరీక్ష రాయకుండానే తప్పుకున్నారు.

చివర్లో మా చిన్నది. ప్రశ్నలన్నిటికీ జాగ్రత్తగా, ఆలోచించి మరీ జవాబులు చెప్పింది. స్లిథరిన్ వచ్చింది.

అది ఏడవలేదు. "నాకు తెలుసు, అలాగే వస్తుందని" అని చాప మీంచి లేచి బాల్కనీలోకి వెళ్లిపోయింది. దానికి ఈ ఏడే పదకొండు నిండాయి.

ఆ కథల్లో చెడ్డవాళ్లలో చాలామంది స్లిథరిన్ వాళ్లే. అందుకే బాధపడిందనుకున్నాను. దానికి తోడు, మూడేళ్ల వయసు నుంచీ మా ఇంట్లో దాని బిరుదు 'గడుసుది'. ఐదేళ్లప్పుడు డబ్బాలో మిగిలిన ఆఖరి జంతికలు దాచేసి, అక్క చేత బొమ్మకి రంగులు వేయించుకుని ఒక్కొక్కటే ఇచ్చింది. ఆ ముచ్చట ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ మేమే నవ్వుతూ చెప్పాం. పెద్దది బుద్ధిమంతురాలు, చదువులరాణి. చిన్నది గడుసుది, మాటకారి. ఇలా చెప్పడంలో తప్పేముందని ఎప్పుడూ అనిపించలేదు. పిల్లలు కూడా పక్కనే కూర్చుని నవ్వేవాళ్లు.

ఆ రాత్రి పెద్దదాన్ని అడిగి మొదటి పుస్తకం తీసుకున్నాను. 1997లో వచ్చిన పుస్తకం, నేనెప్పుడూ ముట్టుకోలేదు. సినిమాలు మాత్రం దోసెలు పోస్తూ, వడ్డిస్తూ ముక్కలు ముక్కలుగా చూశాను. ఇంగ్లిష్ చదవడం నాకు నెమ్మది. వంటయ్యాక కాసేపు, అందరూ పడుకున్నాక కాసేపు చదివి, టోపీ దగ్గరికి చేరేసరికి రెండు రోజులు పట్టింది.

అక్కడ ఆగిపోయాను. నేను సినిమాలో గమనించని సంగతి ఒకటి ఉంది. టోపీ పెట్టగానే హ్యారీకి స్లిథరిన్ బాగా నప్పుతుందని టోపీకి అనిపిస్తుంది. అక్కడైతే గొప్పవాడివవుతావని చెప్తుంది కూడా. ఆ పిల్లవాడు స్టూలు అంచులు గట్టిగా పట్టుకుని, అది మాత్రం వద్దు అని మనసులోనే బతిమాలుకుంటాడు. టోపీ వింటుంది. విని, గ్రిఫిండోర్ అంటుంది. అంటే అంత మంత్రశక్తి ఉన్న టోపీ కూడా, నీలో ఇది ఉంది అని చెప్పాక, నీకేం కావాలి అన్నది చెవిన పెట్టింది.

పొద్దున్నే పెద్దదాన్ని పట్టుకుని కూర్చున్నాను. ఏడు పుస్తకాలూ నాలుగేసి సార్లు చదివిన మనిషి కదా, అడగడమే ఆలస్యం, గలగలా చెప్పుకుపోయింది. హెర్మయనీ అంత తెలివైన పిల్ల రావెన్‌క్లాకి వెళ్లాలి కదా, టోపీ అదీ ఆలోచించిందట, చివరికి గ్రిఫిండోర్‌లో వేసిందట. నెవిల్ అని ఒక పిల్లాడు ఉంటాడు. మతిమరుపు, భయం. వీడికి అసలు మంత్రాలు వస్తాయా అని ఇంట్లోవాళ్లకే అనుమానం. వాడు తనకి గ్రిఫిండోర్ ఎక్కువని, హఫిల్‌పఫ్ చాలని టోపీతో వాదించాడట. టోపీ ఒప్పుకోలేదు. ఏడో పుస్తకానికి వచ్చేసరికి ఆ పిల్లాడే కత్తి పట్టి నిలబడతాడు. మరి స్నేహితుల్ని శత్రువుకి పట్టిచ్చిన పీటర్ పెట్టిగ్రూ ఏ హౌసు? గ్రిఫిండోర్. ప్రాణం పోయేదాకా రహస్యంగా మంచి వైపు నిలబడిన స్నేప్? స్లిథరిన్. ఆఖరి యుద్ధంలో, వెళ్లిపోవచ్చని చెప్పినా ఉండిపోయిన పెద్ద పిల్లల్లో రావెన్‌క్లాల కంటే ఎక్కువమంది నా హఫిల్‌పఫ్‌లేనట. ఆ మాటకి నాకు కాస్త గర్వంగానే అనిపించింది.

"ఇంకో సంగతి తెలుసా అమ్మా, అందులో పద్మా పాటిల్, పార్వతీ పాటిల్ అని కవలలు ఉంటారు" అంది. "సినిమాలో ఇద్దర్నీ ఒకే హౌసులో పెట్టేశారు. పుస్తకంలో పద్మ రావెన్‌క్లా, పార్వతి గ్రిఫిండోర్."

ఒకే కడుపున ఒకేసారి పుట్టిన పిల్లలే చెరో ఇంటికి వెళ్లారు. నేనేమో నాలుగేళ్ల తేడాతో పుట్టిన ఇద్దర్ని ఎప్పుడూ పక్కపక్కన నిలబెట్టి కొలుస్తూనే ఉన్నాను.

ఆ మధ్యాహ్నం చిన్నదాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని, నాకు కొత్తగా వచ్చిన జ్ఞానమంతా వినిపించాను. స్లిథరిన్ అంటే చెడ్డదని కాదు, పెద్ద మంత్రగాడు మెర్లిన్ కూడా ఆ హౌసేనని ఆ రచయిత్రే తర్వాత రాసిందట, గడుసుతనం కూడా ఒక తెలివే, ఇలా. అది చివరిదాకా విని,

"అందుకు కాదమ్మా" అంది.

"మరి?"

"నాకేది వస్తుందో మీ అందరికీ ముందే తెలుసు కదా. ఫ్రిజ్ మీద పెట్టినట్టే."

అర్థం కాలేదు నాకు. ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి చూశాను. అయస్కాంతం కింద బడి వాళ్లిచ్చిన ఫారం ఉంది. ఆరో తరగతి నుంచి పిల్లల్ని రెండు రకాలుగా విడగొడతారు. ఐఐటీ ఫౌండేషన్ సెక్షన్ ఒకటి, మామూలు సెక్షన్ ఒకటి. మీలో చాలామంది పిల్లల బళ్లలోనూ ఉండే ఉంటుంది. ఏది కావాలో టిక్కు పెట్టి, బడి తెరిచేలోగా ఇవ్వాలి. పెద్దది ఆరు నుంచీ ఫౌండేషనే. చిన్నదాని ఫారంలో మా వారూ నేనూ కలిసి మామూలు సెక్షన్ దగ్గర టిక్కు పెట్టేశాం. "దీనికి మాటల మీద ఉన్న ధ్యాస లెక్కల మీద లేదు" అని రెండు నిమిషాల్లో తేల్చేశాం. సంతకం కూడా అయిపోయింది. నీళ్ల సీసా కోసం రోజుకి పదిసార్లు ఆ తలుపు తీసే పిల్ల దాన్ని చదవకుండా ఉంటుందని ఎలా అనుకున్నామో!

నిజం చెప్పాలంటే ఇలా తేల్చేయడం నాకు పుట్టింట్లోనే అలవాటైంది. మేమూ ఇద్దరు ఆడపిల్లలమే. "పెద్దది చదువు, చిన్నది పని" అనేది మా అమ్మ. మెచ్చుకోలుగానే అనేది పాపం. నేను పదేళ్లకే సన్నటి ముగ్గు వేసేదాన్ని, పులుసులో ఉప్పు చూడకుండా వేసేదాన్ని. అక్కని బస్సెక్కించి టౌన్లో కాలేజీకి పంపారు. నేను ఇంటి దగ్గరుండి ప్రైవేటుగా డిగ్రీ కట్టాను. ఎవరూ అన్యాయం చేయాలని చేయలేదు. నేనూ అడగలేదు. నా గురించి ఇంట్లో అందరికీ తెలిసిపోయింది కాబట్టి, నేను కొత్తగా చెప్పేదేముందని ఊరుకున్నాను.

ఆ కథల్లో డంబుల్‌డోర్ అనే పెద్దాయన, పిల్లల్ని మనం మరీ తొందరగా విడగొట్టేస్తున్నామేమో అని ఒకచోట స్నేప్‌తో అంటాడట. పదకొండేళ్లకి టోపీ పెట్టడమే తొందరైతే, మూడేళ్లకే బిరుదు తగిలించిన నేనేమనాలి?

సాయంత్రం మా వారు రాగానే చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత బడికి ఫోన్ చేసి ఇంకో ఫారం అడిగారు. మర్నాడు తెచ్చి ఖాళీదే చిన్నదాని చేతిలో పెట్టారు. "రెండిట్లో ఏం చెప్తారో అక్కని అడుగు, మమ్మల్ని అడుగు. ఆలోచించుకుని నువ్వే చెప్పు" అన్నారు.

అది మూడు రోజులు తీసుకుంది. అక్కని ఒక పూటంతా కూర్చోబెట్టి ప్రశ్నలు వేసింది. హోంవర్కు ఎంత, ఆదివారం పరీక్షలు ఉంటాయా, ఆటల పీరియడ్ ఉంటుందా. పక్క ఫ్లాట్‌లో మామూలు సెక్షన్ పిల్లనీ అడిగింది. అక్క పాత లెక్కల పుస్తకం తెచ్చుకుని నాలుగు లెక్కలు చేసి చూసుకుంది. మూడు వచ్చాయి. నాకు పట్టిన గుబులు అంతా ఇంతా కాదు. ఇది ఫౌండేషన్ అంటే మోయగలదా? మోయగలిగితే, మేం ఇన్నాళ్లూ దాన్ని తక్కువ చేసినట్టే కదా?

మూడో రోజు రాత్రి అన్నాలయ్యాక ఫారం తెచ్చింది. మామూలు సెక్షన్ దగ్గరే టిక్కు పెట్టింది.

"లెక్కలు వస్తున్నాయి కదే?" అన్నాను ఉండబట్టలేక.

"వస్తాయి. కానీ ఖోఖో జట్టులో ఉండాలి నేను. ఫౌండేషన్‌లో ఆటలకి పంపరంట. ఎనిమిదిలో మార్చుకోవచ్చని టీచర్ చెప్పిందట, అక్క అడిగింది. అప్పుడు చూస్తా."

రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టి చూశాను. టిక్కు అదే గడిలో ఉంది. మాది గీతలా ఉంది. దానిది రెండుసార్లు దిద్ది, నల్లగా, కాగితం వెనక్కి తేలేలా ఉంది.

పాత ఫారం చింపబోతుంటే అది నా పక్కన చేరి, "అమ్మా, నీకు హఫిల్‌పఫ్ వచ్చింది కదా. నీకు ఏది కావాలి?" అని అడిగింది.

నలభై రెండేళ్లలో ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడిగినట్టు గుర్తు లేదు. హఫిల్‌పఫ్ నాకు ఇష్టమే, సిగ్గుపడేదేమీ లేదు. కానీ పుస్తకాల కబుర్లలో పెద్దది చెప్పిన ఒక సంగతి నా మనసులో ఉండిపోయింది. రావెన్‌క్లా గది తలుపుకి తాళమూ ఉండదు, సంకేతపదమూ ఉండదు. తలుపే ఒక ప్రశ్న వేస్తుంది. జవాబు చెప్తే తెరుచుకుంటుంది. తెలియకపోతే, తెలిసినవాళ్లు వచ్చేదాకా అక్కడే నిలబడాలి. అలా నిలబడి నేర్చుకుంటారట.

"రావెన్‌క్లా" అన్నాను. అనేసరికి ఎందుకో గొంతు కొంచెం వణికింది.

"సరే" అంది అది, అదేం పెద్ద విషయం కానట్టు. పెన్ను తీసుకుని మా పాత ఫారం వెనక పెద్ద అక్షరాలతో 'అమ్మ - రావెన్‌క్లా' అని రాసి, అయస్కాంతం కింద పెట్టింది.

అది ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది. నేను రెండో పుస్తకం మొదలుపెట్టాను.