కువైట్ ఊరిబిండి

మా తమ్ముడు కువైట్‌లో ఎనిమిదేళ్లు డ్రైవరుగా చేసి మొన్న చిత్తూరు వచ్చాడు. సాయంత్రం నేను బజ్జీలు వేస్తుంటే, "బావకి షుగరు కదక్కా, ఈ నూనెవెందుకు? హమ్మస్ చెయ్యి. డ్యూటీ దిగాక వండుకునే ఓపికలేక కుబ్బూసు రొట్టెతో అదే తినేవాణ్ణి" అన్నాడు. వాడక్కడ ఏం తింటున్నాడో నేను ఏనాడూ అడగలేదండీ.

కప్పు కాబూలీ శనగలు రాత్రంతా నానబెట్టి మెత్తగా ఉడికించాను. రెండు చెంచాల నువ్వులు దోరగా వేయించి పొడిచేసి, వెల్లుల్లి, ఉప్పు, నిమ్మరసం, శనగలు ఉడికిన నీళ్లు కాసిని కలిపి మిక్సీ వేశాను. పొట్టు తీస్తే వెన్నలా వస్తుందట, నాకంత తీరికేదీ! ఆలివ్ నూనెకి బదులు చెనిక్కాయల నూనె పోశాను. అచ్చం మన ఊరిబిండికి చుట్టమే!

శనగల్లో పీచెక్కువ, షుగరు ఒక్కసారిగా పెరగదు. కీరా ముక్కలతో పెడితే మావారు "అన్నమేదీ?" అన్నారు. తమ్ముడు మాత్రం గిన్నె తుడిచి తిన్నాడు.