తొట్టి నీళ్ళ లెక్క

కామాఠీపురాలో మా నాయన ఉండే చాల్‌లో కుళాయి పొద్దున కొద్దిసేపే వస్తుంది. ఆ కాస్తలోనే వంటకు, స్నానాలకు, బట్టలకు అందరూ డ్రమ్ములు నింపుకోవాలి. అటువంటి చోట ఎనభై దాటిన మనిషి రెండడుగుల గాజుతొట్టి పెట్టుకుని గోల్డ్‌ఫిష్‌లు పెంచుతుంటే ఇరుగుపొరుగు ఊరుకుంటారా? "మనుషులకే నీళ్ళు లేకపాయె, చేపలకు తానం జేపిస్తున్నవా అన్నా?" అంది ఎదురుగది పెద్దమ్మ. నవ్వుతూనే అంది గాని, అందులో సగం నిజమే.

నాకు శివార్లలో ఫ్లాటుంది. అమ్మ పోయాక మాతో ఉండమంటే నాయన రాలేదు. "గీ గల్లీ ఇడిసి ఏడికొస్త బిడ్డా" అన్నాడు. ఒక్కడే ఉంటాడని క్రాఫర్డ్ మార్కెట్ దగ్గర నాలుగు చేపలు కొనిచ్చింది నేనే. నా చిన్నప్పుడు మెరీన్ డ్రైవ్‌లో తారాపోర్‌వాలా అక్వేరియం చూపించి, అద్దం ముందు నాకంటే ఎక్కువసేపు నిలబడ్డ మనిషి ఆయన.

నేను బి.కాం. చదివినవాణ్ణి, రసాయనశాస్త్రం రాదు. కాని తొట్టి వ్యవహారం కూడా జమాఖర్చు లాంటిదే. చేపల మలినం, మిగిలిపోయిన తిండి కుళ్ళి అమ్మోనియా అవుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా, మరో రకం ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. మొదటి రెండూ కొంచెమున్నా విషమే. నైట్రేటు అంత చెడ్డది కాదు గాని, కట్టని వడ్డీలా వారంవారం పేరుకుపోతుంది. మొక్కలుంటే కొంత పీల్చుకుంటాయి. మిగతాది నీళ్ళు మారిస్తేనే పోతుంది. లీటరుకు 40 మిల్లీగ్రాములు దాటనివ్వకూడదని చేపలు పెంచేవాళ్ళ మాట.

మా తొట్టిలో సుమారు 50 లీటర్లు పడతాయి. సగం మార్చాలంటే 25 లీటర్లు కావాలి. నేను లేని రోజు అవి మోయవలసింది నాయనే. ఎక్కువ మారిస్తే ఆయన నడుముకు కష్టం, తక్కువ మారిస్తే చేపలకు ప్రాణాపాయం. అందుకే రెండు సీసాల నైట్రేటు కిట్ కొన్నాను. 5 మిల్లీలీటర్ల తొట్టి నీళ్ళలో మొదటి సీసా నుంచి 10 చుక్కలు, రెండో సీసా నుంచి 10 చుక్కలు వేసి, నిమిషంపాటు కుదిపి, 5 నిమిషాలు ఆగితే రంగు తేలుతుంది. పసుపు వస్తే మంచిది, ఎరుపెక్కినకొద్దీ చెడ్డది. ప్రతి ఆదివారం చూసేవాణ్ణి. పది దాటేది కాదు. "నీళ్ళు మంచిగనే ఉన్నయి నాయనా, మోయకు" అనేవాణ్ణి.

రెండు నెలలు గడిచాక ఒక చేప పోయింది. మరో వారానికి ఇంకొకటి. నాయన కోప్పడలేదు. "నువ్వు మంచిగున్నయంటివి గదరా" అన్నాడు, అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బ్యాంకులో బంగారం కుదువ పెట్టుకునేటప్పుడు, కాటా సరిగా ఉందా అని తెలిసిన బరువు పెట్టి చూస్తాం. ముప్పై ఏళ్ళు ఆ పని చేయించిన నేను ఈ కిట్‌ను మాత్రం ఒక్కసారీ పరీక్షించలేదు!

తెలిసిన బరువు ఇక్కడా దొరికింది. నర్సరీల్లో 13-0-45 పేరుతో అమ్మే ఎరువు పొటాషియం నైట్రేటే. తెలిసిన కంసాలి కాటా మీద కాగితంలో 1.63 గ్రాములు తూచి, ఒక లీటరు బ్యాటరీ నీళ్ళలో కరిగించాను. అది సుమారు 1000 మిల్లీగ్రాముల నైట్రేటు. అందులోంచి 10 మిల్లీలీటర్లు తీసి 500 మిల్లీలీటర్లకు పెంచితే లీటరుకు 20. సీసా మీద "తాగరాదు" అని రాసిపెట్టాను. ఉత్త బ్యాటరీ నీళ్ళు సున్నా చూపించాయి. ఇరవై చూపవలసిన నీళ్ళు మాత్రం అయిదే చూపించాయి.

తప్పు నాదే. రెండో సీసాలోని పొడి అడుగున పేరుకుంటుంది. వాడేముందు అర నిమిషం గట్టిగా కుదపాలని కాగితంలో రాసే ఉంది. నేను మందుసీసాలా రెండుసార్లు ఊపి వదిలేశాను. ఈసారి బల్లకేసి తట్టి, కుదిపి చూస్తే సరిగ్గా ఇరవై వచ్చింది.

ఇక తొట్టి నీళ్ళు చూస్తే చిక్కటి ఎరుపు. నలభయ్యో, ఎనభయ్యో తేలలేదు. సిరంజితో 1 మిల్లీలీటరు తొట్టి నీళ్ళకు 4 మిల్లీలీటర్ల బ్యాటరీ నీళ్ళు కలిపి, వచ్చిన అంకెను అయిదుతో గుణించాలి. నేను ట్యూబ్‌లైటు కింద గొట్టాన్ని రంగుల అట్ట పక్కన పెట్టి తల గోక్కుంటుంటే నాయన చేతిలోంచి తీసుకున్నాడు. "లైటు కింద రంగు చూస్తరా ఎవరన్నా?" అని గ్యాలరీలోకి నడిచి, తెల్లకాగితం వెనక పెట్టి, పగటి వెలుగులో ఒక్క చూపు చూశాడు. "ఇరవై. పావువంతు ఎక్కువుంటదేమో."

నాయన మిల్లులో రంగుల ఖాతాలో పనిచేశాడు. 1982 జనవరి 18న మొదలైన సమ్మె తర్వాత మళ్ళీ ఆ గేటులోకి పోలేదు. నాకప్పుడు పన్నెండేళ్ళు. తర్వాత ఎన్ని పనులు చేశాడో గాని, రంగు చూసి చెప్పమని ఆయన్ను ఎవరూ అడగలేదు.

ఇరవైని అయిదుతో గుణిస్తే వంద! ఒక్కసారిగా మారిస్తే చేపలు తట్టుకోలేవని, ముందురోజు పట్టి ఉంచిన నీళ్ళతో రోజుకో బకెట్ చొప్పున మార్చాం. మిగిలిన రెండు చేపలూ బతికాయి.

మీ ఇంట్లోనూ తొట్టి ఉంటే ఒక మాట. సగం నీళ్ళకు సగం చుక్కలు, అంటే రెండున్నర మిల్లీలీటర్లకు అయిదేసి చుక్కలు వేసినా ఫలితం అదే. కిట్ రెండింతలు వస్తుంది. కొన్ని కిట్లు నైట్రేటును కాక అందులోని నత్రజనిని మాత్రమే చూపుతాయి. ఆ అంకెను 4.4తో గుణించుకోవాలి. తాగునీటికి మన దేశం 45 అన్నా, అమెరికా 10 అన్నా దాదాపు ఒకటే కావడం ఇందువల్లే.

ఇప్పుడు ఆదివారాలు చుక్కలు వేసేది నేను, రంగు చెప్పేది నాయన, అంకె రాసుకునేది మళ్ళీ నేను. నెలకు ఎన్ని బకెట్లో ముందే తెలుస్తుంది. నైట్రేటు మొక్కలకు ఎరువని తెలిశాక పెద్దమ్మ కూడా మాట మార్చింది. "గా చేపల నీళ్ళు మోరీల పోయకుర్రి, నా మల్లెచెట్టుకు కావాలె" అంటూ తనే బకెట్ పట్టుకొస్తోంది.