అమ్మ చీర పొడుగైంది

2024 జూన్ 16, ఆదివారం, తెనాలి

రాత్రి రెండున్నరకి మళ్ళీ మెలకువ. మెడ వెనకాల మొదలై, చెవుల మీదుగా నెత్తికెక్కి, నిమిషంలో జాకెట్టు తడిసి ఒంటికి అంటుకుపోయింది. పక్కన ఆయన దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నారు. వంటింట్లోకి వెళ్ళి గచ్చు మీద కూర్చున్నాను. ఆవిర్లు దిగిపోయాక చలి. ఆ తరవాత తెల్లారేదాకా నిద్ర లేదు.

ఆఖరిసారి నెలసరి వచ్చింది నిరుడు మే 9న. పన్నెండు నెలలు వరసగా రాకపోతే ఆగిపోయినట్టే లెక్క. నాకిప్పుడు పదమూడు దాటింది. జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పే దాన్ని, పువ్వు గురించీ అండాశయం గురించీ గంటసేపు గుక్కతిప్పుకోకుండా చెప్తాను. ఈ ఒక్క మాట మాత్రం ఇంట్లో ఎవరితోనూ అనలేదు.

పద్నాలుగో ఏట నన్ను తాటాకుల మీద కూర్చోబెట్టారు. అమ్మమ్మ రోట్లో నువ్వులూ బెల్లమూ దంచి చిమ్మిలి ముద్దలు చేసింది. నూనె చేతికి కారుతుంటే తిన్నాను. నడుముకి బలం, తిను తిను అని వెంటపడింది. వీధివీధంతా పేరంటానికి పిలిచారు. మొదలైనరోజు అంతమంది ఉన్నారు. ఆగిన రోజు ఏదో నాకే తెలియలేదు, ఆ తరవాత లెక్కపెట్టుకుని తెలుసుకోవాల్సి వచ్చింది. ఎవరూ ముద్ద పెట్టలేదు. నువ్వుల అవసరం అప్పటికంటే ఇప్పుడే ఎక్కువ.

జూన్ 23

స్టాఫ్ రూములో తోటి మేడమ్ ఒకావిడ ఇచ్చిన క్యాప్సూల్స్ వేసుకోబట్టి పద్దెనిమిది రోజులు. "అన్నీ మూలికలే, ఏం చేస్తాయి" అంది. నేనూ అదే అనుకున్నాను. డబ్బా వెనక అక్షరాలు ఇవాళ కళ్ళజోడు పెట్టుకుని చదివాను. అశ్వగంధ, శతావరి, నల్లేరు, పసుపు సారం. ఒక్కో దానిది ఎంతెంతో లేదు.

అశ్వగంధ అంటే మన పెన్నేరు, వంకాయ కుటుంబం. శతావరి మన పిల్లితేగలు. పేర్లు తెలుసు, కుటుంబాలు తెలుసు, ఆకు చూపిస్తే గుర్తుపడతాను. కానీ నేను పదేళ్ళుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాననీ, పెన్నేరు ఆ హార్మోన్లను పెంచగలదనీ పద్దెనిమిది రోజుల్లో ఒక్కసారీ ఆలోచించలేదు. నాలుగు రోజులుగా మెట్లెక్కితే గుండె దడదడలాడుతోంది. అది క్యాప్సూల్ వల్లేనని ఖాయంగా చెప్పలేనని, ముందైతే ఆపమని చెప్పి, రక్తపరీక్షకి రాశారు డాక్టరుగారు. పెన్నేరుతో లివరు దెబ్బతిన్న వాళ్ళ సంగతి వైద్య పత్రికల్లో వచ్చిందట. పసుపు సారాన్ని మిరియాల సారంతో కలిపి పెద్ద మోతాదుల్లో మింగినవాళ్ళదీ అంతే. కూరలో వేసే చిటికెడు పసుపుకీ దానికీ పోలిక లేదు.

ఆకు పనిచేస్తుందని నమ్మి మింగినదాన్నే, అది చెరుపు కూడా చేయగలదని ఎందుకు నమ్మలేకపోయానో. పనిచేసేంత బలం ఉంటే ఆ బలం రెండు వైపులా ఉండాలి కదా.

జూలై 14, ఆదివారం, ఊళ్ళో

ఆషాఢం. అమ్మ మునగాకు పప్పు వండింది. ఆషాఢంలో మునగాకు తినాలని అమ్మ పట్టు. వందగ్రాముల ఆకులో మూడు వందల మిల్లీగ్రాముల పైన కాల్షియం ఉంటుందని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లో ఉంది. రాగుల్లో 364. మనం మూడు పూటలా తినే తెల్ల బియ్యంలో పది కూడా లేదు.

కానీ ఇవాళ రాయాల్సింది నల్లేరు గురించి. కాలువ గట్టున తుమ్మకంప మీద పాకి ఉంది, వానలకి లేత కొసలు వేసింది. నాలుగు పలకల కాడ, కణుపు కణుపుకీ ఒక నులితీగ. ద్రాక్షకి దగ్గర చుట్టం అంటే పిల్లలు నమ్మరు. అమ్మ రెండు చేతులకీ నువ్వులనూనె దట్టంగా రాసుకుంది. కణుపుల దగ్గర విరిచి కణుపులు పారేసింది. నాలుగు అంచుల వెంట నార లాగింది. లాగేటప్పుడు సన్నగా చిట్‌మని చప్పుడు. ముక్కలు పచ్చదనం పోయి గోధుమరంగు వచ్చేదాకా నూనెలో మగ్గించింది. విడిగా మినప్పప్పు, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేయించి, చింతపండు బాగా పడేసి రోట్లో నూరింది. మగ్గకపోతే నాలుక దురద, పులుపు తగ్గితే గొంతు దురద. ఇంత తెలిసీ నేను నూనె రాసుకోకుండా ఒక కాడ విరిచాను. సాయంత్రందాకా వేళ్ళ మధ్య సూదులు పొడిచినట్టే ఉంది.

"ఎముక విరిగితే అతుక్కుంటుందే ఇది" అంది అమ్మ. "మరి నీ చెయ్యి?" అన్నాను. యాభై ఎనిమిదో ఏట బోరింగు దగ్గర జారి కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టించి, రోజూ నల్లేరు తినిపించి, అతుక్కుందని అందరం సంతోషించాం. నిలబడినచోట నుంచి జారితే విరిగే ఎముక అప్పటికే గుల్లయిందని ఎవరూ అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

సాయంత్రం అమ్మ చీర మార్చుకుంటుంటే చూశాను. కుచ్చిళ్ళు పోసి, నడుము దగ్గర ఇంకో మడత పెట్టి లోపలికి దోపింది. "ఈ చీరలన్నీ ఎందుకో పొడుగైపోతున్నాయే, కాళ్ళకి అడ్డం పడుతున్నాయి" అంది. నా పెళ్ళికి కొన్న చీర అది.

గుమ్మానికి ఆనించి నిలబెట్టి టేపుతో కొలిచాను. పాత కాగితాల్లో ఉన్న ఎత్తుకి రెండున్నర అంగుళాలు తక్కువ. వెన్నుపూసలు నొప్పి తెలియకుండానే నలిగిపోతాయని చదివాను. చదవడం వేరు, అమ్మ నడుము దగ్గర ఆ మడత చూడడం వేరు.

జూలై 16

ఊరి నుంచి తెచ్చిన నల్లేరు ముక్కని కాలేజీ ల్యాబులో పల్చగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టాను. కణాల్లో కట్టలు కట్టినట్టు సూదులు, రెండు వైపులా మొనలు. రాఫైడ్లు. ఇవే మొన్న నా వేళ్ళని పొడిచినవి. ఇవి కాల్షియం ఆక్సలేటు. అంటే కాల్షియమే, కానీ కరగదు. ఆక్సలేటు పట్టుకున్న కాల్షియాన్ని పేగు లాక్కోలేదు. చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

నువ్వుల్లోనూ ఈ చిక్కే. కాల్షియం చాలావరకూ పొట్టులో ఉంటుంది, ఆక్సలేటూ పొట్టులోనే. పొట్టు తీస్తే రెండూ పోతాయి. నువ్వులు మానాలని కాదు, వాటినొక్కటే నమ్ముకోకూడదని. రోజుకి రెండు గ్లాసుల పాలూ పెరుగూ, రాగిజావ, మునగాకు, వీటితో పాటు నువ్వులు. ముట్లుడిగిన ఆడవాళ్ళకి రోజుకి 1,200 మిల్లీగ్రాములు కావాలని 2020లో పెట్టిన లెక్క. అమ్మ తిండి రాసి కూడితే నాలుగు వందలు దాటలేదు.

నల్లేరు ఎముక అతుక్కోవడానికి సాయపడుతుందని ఎలుకల మీద పరిశోధనలు ఉన్నాయి, మనుషుల మీద చేసినవి చిన్నవి. గుల్లబారిన ఎముక విరగకుండా ఆపుతుందని చూపించినవి నాకు దొరకలేదు. పచ్చడి మానను. రుచికి రుచి, అమ్మ చేతి పని.

ఆగస్టు 4, ఆదివారం

నిన్న అమ్మకీ నాకూ డెక్సా స్కాన్, ఎముక గట్టిదనం కొలిచేది. బట్టలతోనే పడుకుంటే పది నిమిషాల్లో అయిపోయింది. అమ్మ టి-స్కోరు నడుము దగ్గర మైనస్ 3.4, నాది మైనస్ 1.7. మైనస్ ఒకటి దాకా మామూలు, రెండున్నర దాటితే గుల్లబారినట్టు. నేను దారి మధ్యలో ఉన్నాను. ఈస్ట్రోజన్ తగ్గగానే ఎముకని తవ్వే కణాలకి పగ్గాలు తెగుతాయి, కట్టే కణాలు వాటిని అందుకోలేవు. మొదటి ఐదారేళ్ళలోనే ఎక్కువ పోతుంది. అంటే నాకు ఇప్పుడు నడుస్తున్నవి ఆ ఏళ్ళే.

అమ్మకి వారానికి ఒక మాత్ర రాశారు. పరగడుపున గ్లాసెడు మంచినీళ్ళతో మింగి, అరగంట పడుకోకూడదు, ఏమీ తినకూడదు. అమ్మ మొదటి రోజే కాఫీతో వేసుకోబోయింది. ఇక ప్రతి ఆదివారం ఆరింటికి నేనే ఫోను చేస్తాను, అరగంట కబుర్లు చెప్తాను. డి విటమిన్ ఇద్దరికీ తక్కువే. ఇంత ఎండలో ఏమిటని అమ్మకి కోపం వచ్చింది. తిరుపతిలో చేసిన పరిశోధనల్లో కూడా ఎండ ఉన్నా డి విటమిన్ తక్కువేనని తేలింది. పదకొండు నుంచి రెండు మధ్య ఎండలోనే చర్మం డి విటమిన్ బాగా తయారుచేస్తుంది, మనం సరిగ్గా ఆ వేళకే తలుపులు మూసుకుంటాం.

ఆగస్టు 11

డాక్టరమ్మ దగ్గర నోరు విప్పాను. రాత్రులు, చెమట, క్లాసులో మాట మర్చిపోవడం, అన్నీ. ఆవిడ కలం కింద పెట్టి విన్నారు. అదే నాకు సగం మందు.

అవిసె గింజల పొడి తింటున్నానని చెప్పాను. (ఆకుకూరగా తినే అవిసె చెట్టు వేరు, ఈ గింజల మొక్క వేరు. పేరు ఒకటే కావడంతో మా పిల్లలే కాదు, పెద్దలూ పొరబడతారు.) దాంట్లో లిగ్నాన్లు ఈస్ట్రోజన్‌ని పోలి ఉంటాయి కాబట్టి ఆవిర్లు తగ్గుతాయని అంతటా చెప్తారు. 2012లో అచ్చైన ఒక అమెరికా పరిశోధనలో 188 మంది ఆడవాళ్ళకి ఆరు వారాలపాటు, కొందరికి అవిసె కలిపిన తినుబండారమూ కొందరికి కలపనిదీ ఇచ్చి చూశారు. రెండు గుంపుల్లోనూ మూడో వంతు పైన ఆడవాళ్ళకి ఆవిర్లు సగానికి తగ్గాయి. రెండు గుంపుల్లోనూ! కలపనిది తిన్నవాళ్ళకీ! నాలుగు రోజులు తగ్గితే ఆ ఘనత అప్పుడు తింటున్న ఆకుకో గింజకో పోతుందన్నమాట. సోయా, మీల్ మేకర్ కొందరికి కొద్దిగా పనిచేస్తాయి. సోయాలోని పదార్థాన్ని మార్చే బ్యాక్టీరియా అందరి పేగుల్లోనూ ఉండదు. తినొచ్చు, ఆశ పెట్టుకోవద్దన్నారు.

ఆవిర్లకి అన్నిటికంటే గట్టిగా పనిచేసేది హార్మోనే. రొమ్ము క్యాన్సరూ, రక్తం గడ్డలూ, పక్షవాతమూ ఉన్నవాళ్ళకి ఇవ్వరు. నాకు అవేమీ లేవు, అరవై లోపు వయసు, ఆగి రెండేళ్ళు కాలేదు. ఎముకకీ మంచిదే. మొదలుపెడుతున్నాను. రాత్రి ఆయనకి చెప్పాను. కాసేపు ఊరుకుని, "ఇన్నాళ్ళూ ఒక్కదానివే కూర్చున్నావా వంటింట్లో" అన్నారు.

సెప్టెంబర్ 8

నిన్న వినాయక చవితి. పత్రిలో మిగిలిన వావిలాకుని ఇవాళ నీళ్ళలో మరగబెట్టి అమ్మ మోకాళ్ళకి కాపడం పెట్టాను. ఆ ఘాటు వాసనకి బాలింతరాలి గది గుర్తొచ్చింది. అమ్మ కళ్ళు మూసుకుని "హాయిగా ఉందే" అంది. వేడి కీలుకి చేసే మేలు, కూతురు కాళ్ళ దగ్గర కూర్చోవడం, ఆకు గుణం, వీటిలో ఏది ఎంతో విడదీయాలని నాకు లేదు. కాపడం, ఒళ్ళు కాలనంత వేడిగా పెడితే, చాలామందికి హాని చేయదు.

పత్రి అమ్మింది ఆకుకూరలమ్మాయి. లంకలో వాళ్ళ తోటకూర మళ్ళన్నీ మొన్నటి కృష్ణా వరదలో పోయాయి, అందుకని పత్రి కోసుకొచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళు. గుమ్మంలో కూర్చుని లేవలేక గోడ పట్టుకుంది. "నడుం అండీ మేడంగారూ. ఆపరేషన్ అయిన కాడ్నించీ ఇంతే. ఒళ్ళంతా సెగలు కూడాను." ఇరవై ఆరో ఏట గర్భసంచి తీశారట. తెల్లబట్ట అవుతోందని వెళితే, ఉంచితే క్యాన్సర్ అన్నారట. ఇద్దరు పిల్లలయ్యారు, ఇంకెందుకు అన్నారట.

అండాశయాలు కూడా తీశారా అని అడిగాను. అవేంటని అడిగింది.

సంచి ఒక్కటే తీస్తే హార్మోన్లు ఇంకొన్నేళ్ళు నడుస్తాయి. అండాశయాలూ తీస్తే ఆ రోజే ఆగిపోతాయి, యాభైలో రావలసింది ఇరవై ఆరులో వస్తుంది. పన్నెండేళ్ళుగా ఈ అమ్మాయి ఎముక కరుగుతూ ఉండొచ్చు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో యాభై లోపు ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి మూడుకి కాస్త పైన, మన రెండు రాష్ట్రాల్లోనూ ఎనిమిదికి పైన. నాకు ఆవిర్లని నేను పడ్డ బాధంతా ఈ అమ్మాయి పత్రి గంప దించుకున్నప్పటి నుంచీ చిన్నదైపోయింది. ఆపరేషన్ కాగితం వెతకమని చెప్పాను.

అక్టోబర్ 6, ఆదివారం

ఆరింటికి అమ్మకి ఫోను, మాత్ర అయింది. నేను రాత్రి ఒక్కసారే లేచాను.

ఎనిమిదింటికి ఆకుకూరలమ్మాయి వచ్చింది. గంపలో మునగాకు కట్టల కింద ప్లాస్టిక్ సంచి, దాంట్లో నాలుగు మడతల కాగితం. ట్రంకుపెట్టె అడుగున రేషన్ కార్డుతో పాటు ఉందట. మడతల దగ్గర చిరిగి, సిరా నీళ్ళకి పాకింది. ఆసుపత్రి పేరు పోయింది. ఆపరేషన్ అని రాసిన గడిలో మాత్రం చదవడానికి వస్తోంది: టి.ఎ.హెచ్. విత్ బి.ఎస్.ఓ. సంచీ, రెండు వైపులా అండాశయాలూ.

చెప్పాను. కాగితం వంకే చూస్తూ, "మళ్ళీ పెడతారా అండీ?" అంది.

పెట్టరని, అవి చేసే పనికి మందులున్నాయని, యాభై వచ్చేదాకా హార్మోను అవసరమేమో డాక్టరమ్మ చూసి చెప్తారని, ముందు ఎముక పరీక్ష అని చెప్పాను. ఎంతవుతుందని అడిగింది. అది నేను చూస్తానన్నాను. గురువారం నాకు మధ్యాహ్నం క్లాసుల్లేవు. లంక నుంచి పదకొండు గంటల బస్సుకి వస్తానంది. కాగితాన్ని నా దగ్గరే ఉంచమంది, వానకి తడుస్తుందని.