నాలుగు సంతకాలు

నేను కాగితాలతో బ్రతికేవాడిని. హోసూరు పారిశ్రామికవాడలో ఒక చిన్న కార్ఖానా ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా గుమాస్తాను. చదివింది పదో తరగతి, అదీ తెలుగు బడిలో. తమిళం చదవడం, వ్రాయడం ఈ ఉద్యోగమే నేర్పింది. చలానా సరిచూడకుండా, బిల్లు కూడిక మళ్లీ కూడకుండా మా యజమాని ముందు కాగితం పెట్టి ఎరుగను. కొత్తగా చేరిన కుర్రవాళ్లకు నేను చెప్పే మొదటి మాట, "చదవనిదే సంతకం పెట్టకు నాయనా" అని. అటువంటి నేను ఆస్పత్రి మంచం మీద పడుకొని నాలుగు తెల్ల కాగితాల మీద సంతకాలు చేసి ఇచ్చినాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నది. అయినా మన సంఘంలో మోటారు సైకిలు లేని ఇల్లు లేదు గనుక, ఈ సిగ్గును నా ఒక్కడి దగ్గరే దాచుకోకూడదని వ్రాస్తున్నాను.

2022 ఆగస్టు మూడో వారం. కృష్ణగిరి కలెక్టరు కచ్చేరీలో ఒక అర్జీ ఇచ్చి రమ్మని యజమాని పంపినాడు. బస్సులో పోవచ్చును. కాని బండి మీద పోతే పెట్రోలు బత్తా వస్తుంది, అందులో నూరో నూటయాభయ్యో మిగులుతుంది. ఆ మిగులుతోనే మా చిన్నవాడి ట్యూషను ఫీజు గడిచేది. శూలగిరి దాటిన తరువాత, రోడ్డు మధ్య గోడకు సందు ఉన్నచోట, సరుకుల వ్యాను ఒకటి సైగ లేకుండా అడ్డం తిరిగింది. ఆపైన నాకు జ్ఞాపకమున్నదల్లా హెల్మెట్టు రోడ్డుకు తగిలిన చప్పుడే. ఎడమ కాలు మోకాలి కింద రెండు ఎముకలూ విరిగినవి. పక్కన టీ అంగడి ఆయన 108 కు ఫోను చేసి, వ్యాను పోకముందే దాని వెనుక భాగాన్ని తన ఫోనులో ఫొటో తీసి ఉంచినాడు. ఆయన చేసిన మేలు ఎంతటిదో నాకు ఐదు నెలల తరువాత గాని తెలియలేదు.

రోడ్డు ప్రమాదం జరిగిన మొదటి 48 గంటల వైద్యం ఖర్చు కొంత మేరకు ప్రభుత్వమే పెట్టుకొనే పథకం తమిళనాడులో 2021 డిసెంబరులో వచ్చింది. ఆ రెండు రోజులూ గడిచినవి. కాలిలో కడ్డీ వేయడం, తరువాతి మందులు, కట్లు, ఇవన్నీ నా నెత్తినే పడినవి. లక్షా నలభై వేలు. నా భార్య గాజులు అడుగు అంగడికి పోయినవి.

మూడో రోజు ఆస్పత్రిలో ఒక మనిషి వచ్చి నా మంచం పక్కన కూర్చున్నాడు. అక్కడ నర్సమ్మ తమిళం, డాక్టరు ఇంగ్లీషు, తుడిచే ఆమె కన్నడం. నొప్పితో ఉన్నవాడికి ఏ భాషా చెవికెక్కదు. ఈయన మాత్రం, "ఏమన్నా, ఎట్లుండావు? మాదీ ఈ పక్క పల్లెనే" అన్నాడు. ఆ ఒక్క మాటకే నాకు కళ్లు చెమర్చినవి. ప్లీడరు తనకు తెలిసిన ఆయనేనట, పైసా ఇయ్యక్కరలేదట, వచ్చినదాంట్లో నూటికి ముప్పై ఇస్తే చాలునట. వకాలతు ఫారం ఒకటి, తెల్ల కాగితాలు నాలుగు తీసినాడు. నా భార్య, "చదివినారా?" అని మెల్లగా అడిగింది. "మనవాడే" అన్నాను. తెల్ల కాగితంలో చదవడానికేమున్నది? ఉండదు గనుకనే దాని మీద సంతకం చేయరాదని పాతికమందికి నేర్పినవాణ్ణి నేనే.

హోసూరులో మా ఇల్లు మేడ మీద. మెట్లెక్కలేను గనుక కృష్ణగిరి దగ్గర మా అత్తవారింటికి చేర్చినారు. ఆ మనిషికి వారానికొకసారి ఫోను చేసేవాణ్ణి. "ఏం తొందర అన్నా, దావాకు గడువంటూ ఏమీ లేదు, నిదానంగా వేద్దాం" అనేవాడు. డిసెంబరు వచ్చేసరికి ఫోను ఎత్తడం మానినాడు.

సంక్రాంతి పండుగకు వచ్చిన మా బావమరిది పోలీసు ఎఫ్.ఐ.ఆర్. నకలు తీసుకువచ్చి నా ఒళ్లో పెట్టినాడు. తమిళంలో ఉన్నది. పని లేక పడి ఉన్న గుమాస్తాకు కాగితం దొరికితే ఏమి చేస్తాడు? ఒక్కొక్క అక్షరం చదివినాను. తారీఖు సరే, చోటు సరే. వ్యాను నంబరు దగ్గర ఆగినాను. టీ అంగడి ఆయన పంపిన ఫొటోలో చివరి అంకె 8, కాగితంలో 3. ఆ తప్పుడు నంబరును పట్టుకొని దావా వేసి ఉంటే, ఏ సంబంధమూ లేని ఎవరో పెద్దమనిషి కోర్టు మెట్లెక్కేవాడు. అసలు వ్యానుకు భీమా ఏ కంపెనీలో ఉన్నదో కూడా మాకు తెలిసేది కాదు. ప్రతి బండికీ ఎదుటివారికి జరిగే నష్టానికి భీమా ఉండి తీరవలెనని చట్టం. పరిహారం ఇచ్చేది సాధారణంగా ఆ భీమా కంపెనీయే గనుక, నంబరు తప్పితే నా దావాకు ఆధారమే పోయినట్లు.

ఆ రాత్రి నా భార్య ఒక మాట అన్నది. "మీరు లేవలేరు. నేను పోయి కోర్టు దగ్గర అడిగి వస్తాను." ఎవరిని అడుగుతావంటే, "ఎవరో ఒకరు ఉంటారు గదా, అంత పెద్ద కోర్టులో" అన్నది. నేను నవ్వినాను. మరునాడు ఆమె తమ్ముణ్ణి వెంటబెట్టుకొని కృష్ణగిరి కోర్టుకు పోయి, జిల్లా న్యాయసేవల అథారిటీ అన్న బోర్డు చూసి లోపలికి పోయింది.

ఈ అథారిటీ గురించి నాలుగు మాటలు చెప్పవలె. 1987 లో చేసిన న్యాయసేవల చట్టం 1995 నవంబరు 9 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం జిల్లాకొక అథారిటీ, తాలూకా కోర్టులలో కమిటీ ఉంటవి. ఆడవారికీ, పిల్లలకూ, షెడ్యూల్డు కులాల, తెగల వారికీ, వికలాంగులకూ, కర్మాగార కార్మికులకూ రాబడితో నిమిత్తం లేకుండా ప్లీడరును ఉచితంగా ఇస్తారు. మిగిలినవారి సంవత్సర రాబడి రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన పరిమితికి లోబడి ఉండవలె. నా రాబడి లోబడే ఉన్నది. (నెలకు పద్దెనిమిది వేల జీతం ఒక అర్హతగా పనికివచ్చింది అదే మొదటిసారి.) 15100 అని ఒక ఫోను నంబరు కూడా ఉన్నది. హోసూరు వాళ్లం ఎంతమందిమి ఆ కోర్టు ముందు నుంచి రోజూ పోతాము! ఆ బోర్డు చదివినవాడిని నేనొక్కణ్ణీ చూడలేదు, నాతో కలిపి.

వారం తిరక్కుండా నేను చంకకర్రలతో పోయినాను. బల్ల వద్ద పారా లీగల్ వాలంటీరు ఒకామె, ముప్పై ఏళ్లుంటాయి. ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు. దరఖాస్తు ఫారంలో ఒక్కొక్క వరుసా తమిళంలో చదివి, వేలితో చూపించి, నా భార్య మొగం చూసి, "అర్థమైందా అమ్మా?" అని అడిగి, నా భార్య తల ఊపితే సరిపోదని తిరిగి చెప్పించుకొని, అప్పుడు తరువాతి వరుసకు పోయింది. నా సంతకం అడిగేసరికి అరగంట పట్టింది. ఆ అరగంట సేపూ నాకు ఆ తెలుగు మాట్లాడిన మనిషి మొగమే కళ్ల ముందు ఆడింది. మన భాషలో పలకరించినవాడు నాకు ఒక్క అక్షరమూ చదివి వినిపించలేదు.

నియమించిన ప్లీడరు నడివయసు ఆయన. నేను ముప్పై శాతం సంగతి చెప్పగానే కలం కింద పెట్టినాడు. దావాలో వచ్చే సొమ్ములో వాటా ఫీజుగా మాట్లాడుకోవడం ప్లీడర్లకు బార్ కౌన్సిలు నిబంధనల ప్రకారం నిషేధమట. "గడువు లేదన్నాడు సార్" అన్నాను. దానికి ఆయన చెప్పిన సమాధానం మన చదువరులందరూ గుర్తు పెట్టుకోవలసినది. 1994 లో చేసిన సవరణతో గడువు తీసివేసినారు. అందుచేతనే కోర్టు ఆవరణలో పాతవాళ్లు ఇప్పటికీ గడువు లేదంటారు. 2019 సవరణ చట్టం ఆరు నెలల గడువును మళ్లీ తెచ్చింది, అది 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. నాకు దెబ్బ తగిలింది ఆగస్టులో. లెక్క వేస్తే మిగిలింది నాలుగు వారాలు. (తరువాత 2025 నవంబరులో సుప్రీంకోర్టు, ఈ గడువు చెల్లుతుందా లేదా అన్న వ్యాజ్యం తేలేవరకు, గడువు దాటిందన్న కారణంతో అర్జీలను కొట్టివేయరాదని మధ్యంతర ఉత్తరువు ఇచ్చింది. అయినా ఆ వ్యాజ్యాన్ని నమ్ముకొని ఎవరూ కూర్చోవద్దు.)

ఆ నాలుగు వారాలూ మా బావమరిది కాళ్లు అరిగినవి. ఫొటో జతచేసి, నంబరు సరిదిద్దమని స్టేషనులో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవడం, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు రిపోర్టు, ఆస్పత్రిలో నన్ను చేర్చుకొన్నప్పుడు వ్రాసిన ప్రమాదపు రిజిస్టరు నకలు, మందుల బిల్లులు, నా లైసెన్సు. దావాను ప్రమాదం జరిగిన చోటనే గాక, మనం కాపురముండే చోటి ట్రిబ్యునల్‌లో కూడా వేయవచ్చునట. ఫిబ్రవరి మొదటి వారంలో మా అర్జీ నంబరు పడింది.

ఇక తెల్ల కాగితాలు. ప్లీడరు చెప్పగా, పాత వకాలతును రద్దు చేసుకొంటున్నాననీ, నా సంతకాలున్న నాలుగు కాగితాలు తిరిగి ఇయ్యవలెననీ రిజిస్టరు తపాలాలో వ్రాసినాను. రశీదు కార్డు వెనక్కు వచ్చిన పది రోజులకు ఆ మనిషే మా అత్తవారింటికి వచ్చి, వసారాలో నిలబడి, "ఇంత అపనమ్మకమా అన్నా" అని కాగితాలు అరుగు మీద పడవేసి పోయినాడు. నా భార్య ఎత్తి లెక్కపెట్టింది. మూడున్నవి.

ట్రిబ్యునల్‌లో ఏడాదిన్నర నడిచింది. మెడికల్ బోర్డు నా కాలికి ఇరవై శాతం వైకల్యమని వ్రాసింది. భీమా కంపెనీ తరపు వాదం, ఆయన కూర్చొని వ్రాసే గుమాస్తా, అదే ఉద్యోగంలో ఉన్నాడు, సంపాదనకు వచ్చిన నష్టం ఏమీ లేదని. నాకు కోపం వచ్చింది. అప్పుడు మా ప్లీడరు సుప్రీంకోర్టు 2010 లో రాజ్‌కుమార్, అజయ్‌కుమార్ కేసులో ఇచ్చిన తీర్పు చూపించినాడు. శరీరానికి ఎంత శాతం వైకల్యమో అంతే శాతం సంపాదన పోయిందని లెక్క కట్టరాదు, ఆ మనిషి చేసే పనిని చూడవలెనన్నది దాని సారం. ఎడమ చెయ్యి పోతే వడ్రంగికీ, డ్రైవరుకూ బ్రతుకుతెరువే పోవచ్చును, అదే ప్రభుత్వ గుమాస్తా అయితే ఉద్యోగం నిలిచే ఉండవచ్చునని అందులో ఉదాహరణ కూడా ఉన్నది. దేశంలోని వృత్తులన్నింటిలో ఆ మాటకు గుమాస్తాయే దొరికినాడు! ఆ తీర్పు నాకు ఎదురే అనుకొన్నాను. "కాదు. మీరు కూర్చొనే గుమాస్తా కాదని చూపించండి" అన్నాడాయన.

అప్పుడు నా దస్తూరీయే నాకు సాక్ష్యమైంది. ఆఫీసు పెట్రోలు బత్తా పుస్తకం పదేళ్లది నేను వ్రాసినదే. బ్యాంకుకు, కృష్ణగిరికి, ధర్మపురికి, ఒక్కొక్క ప్రయాణానికి తారీఖు, కిలోమీటర్లు, వోచరు నంబరు. 2022 ఆగస్టు తరువాత నా పేరున ఒక్క పద్దు లేదు. యజమాని మొదట సణిగినా, పుస్తకం పంపి, నాకు బత్తా నిలిచిందని సర్టిఫికేటు ఇచ్చినాడు. నా వయసు నలభై నాలుగు. సుప్రీంకోర్టు 2009 లో సరళా వర్మ కేసులో వయసుల వారీగా పెట్టిన పట్టికలో నలభై ఒకటి నుంచి నలభై ఐదు వరకు గుణకం 14. పద్దెనిమిది వేలు, పన్నెండు నెలలు, పద్నాలుగు, అందులో పది శాతం నష్టమనుకొంటే 3,02,400 రూపాయలు. మందుల ఖర్చు, పోయిన జీతం, బాధకు ఇచ్చేది దీనికి వేరు.

2024 సెప్టెంబరులో జాతీయ లోక్ అదాలత్ పెట్టినప్పుడు కంపెనీవారు రాజీకి వచ్చినారు. అక్కడ తేలినది కడపటి తీర్పు, దాని మీద అప్పీలు ఉండదు. కనుక తొందరపడి ఒప్పుకోరాదని ప్లీడరు ముందే హెచ్చరించినాడు. వారు మూడు లక్షలన్నారు, మేము లేచి బయటికి వచ్చినాము. మళ్లీ పిలిచినారు. నాలుగు లక్షల అరవై వేల దగ్గర నిలిచింది. నేను ఇంకా బేరమాడుదామనుకొన్నాను గాని, నా భార్య నా మోచేయి పట్టుకొని, "గాజులు విడిపించుకొందాం, చాలు" అన్నది. రాజీ పత్రం తమిళంలో ఉన్నది. నేను రెండుసార్లు చదివి, ఆమెకు తెలుగులో చెప్పి, సంతకం పెట్టినాను. వెనుకనున్నవాళ్లు విసుక్కొన్నారు. సొమ్ము నేరుగా నా బ్యాంకు ఖాతాలో పడింది.

ఇంటికి వచ్చే బస్సులో నా భార్య ముప్పై శాతం ఎంతని అడిగింది. లక్షా ముప్పై ఎనిమిది వేలు. మేము ఆస్పత్రికి కట్టినదీ ఇంచుమించు అంతే.

నాలుగో కాగితం ఇంతవరకు రాలేదు. అది పోయిందనీ, దాని మీద ఏమి వ్రాసి తెచ్చినా చెల్లరాదనీ ప్లీడరు దావా కాగితాలలోనే ఒక పేరా వ్రాయించి, ఆ రిజిస్టరు తపాలా నకలు జతచేయించినాడు. దాని ఇంకొక నకలు మా ఇంట్లో ఇనుప పెట్టెలో, బండి ఆర్.సి. పుస్తకం కింద ఉన్నది. ఎవరైనా తలుపు తట్టి "ఏమన్నా" అంటే, నా భార్య మొదట ఆ పెట్టె వైపు చూస్తుంది.